ఎర్రగడ్డ విత్తనం: ఎంపిక అంగట్లో కాదు, మన చేలో జరగాలి

నారుమడి పోసే కాలం వచ్చిందంటే గుమ్మఘట్ట మండలంలో ఏ రచ్చకట్ట దగ్గర కూర్చున్నా ఒకటే మాట వినిపిస్తుంది. "ఈ తూరి ఏం ఎర్రగడ్డ ఇత్తనం తెస్తివప్పా?" జవాబు కూడా ఏటా ఒకటే. "అంగడాయన ఇది బాగుంది అన్న్యాడు, అదే తెస్తి." ఈ రెండు మాటల్లోనే మన ఎర్రగడ్డ సేద్యం కష్టం సగం ఉంది. బోరు వేయడానికి పదిమందిని అడుగుతాం. ఎద్దును కొనాలంటే పళ్ళు చూస్తాం, నడిపించి చూస్తాం. నాలుగు నెలల కష్టం, ఇంటిల్లిపాది బతుకు ఆధారపడే విత్తనాన్ని మాత్రం డబ్బా మీద బొమ్మ చూసి తెచ్చుకుంటున్నాం.

పోయిన వానాకాలం పంటలో మన సంఘం కార్యకర్తలం కొన్ని ఊళ్ళ చేలకు పోయి చూశాం. ఒక కౌలు రైతు ఎకరన్నరలో పెట్టిన పైరు దూరం నుంచి చూస్తే పచ్చగా, నిండుగా ఉంది. దగ్గరికి పోయి పెరికి చూస్తే గుండె చెరువయింది. సగం మొక్కలకు మెడ లావెక్కి ఉంది, గడ్డ ఊరలేదు. మిగతా వాటిలో జంట గడ్డలే ఎక్కువ. అక్కడక్కడ పూకాడలు లేచి ఉన్నాయి. పక్కనే కాలువ అవతల ఇంకో రైతు వేరే విత్తనం పెట్టాడు. అదే నేల, అదే వాన, ఇంచుమించు అదే ఎరువు. ఆయన మడిలో గడ్డ బాగా ఊరింది. తేడా ఎక్కడొచ్చిందో మనకెవ్వరికీ చెప్పనక్కర లేదు. కౌలు రైతు అంగడికి పోయి అడిగితే "నీళ్ళు ఎక్కువ పెట్టింటావు" అన్నారు. బిల్లు ఉందా అని మేం అడిగితే లేదు. డబ్బా ఉందా అంటే, ఇంట్లో ఆడపిల్లలు ఉప్పు పోసుకున్నారు, పైనున్న చీటీ ఎప్పుడో పోయింది. ఇంక ఎవరిని అడగాలి?

ఇది ఆ ఒక్క రైతు తప్పు కాదు. మన సంఘం తప్పు కూడా ఉందని ముందుగా ఒప్పుకుంటున్నాం. ఇన్నేళ్ళుగా మనం ధర అడిగాం, బ్యాంకు రుణం అడిగాం, బోర్లకు కరెంటు అడిగాం, వేరుశనగకు బీమా అడిగాం. ఇవన్నీ అడగాల్సినవే. కానీ కూరగాయ పంటల విత్తనం గురించి ఒక్క ధర్నా చేసింది లేదు, ఒక్క శిక్షణ పెట్టింది లేదు. ఆ ఖాళీలో అంగళ్ళే మనకు శాస్త్రవేత్తలైనాయి.

ఎర్రగడ్డకు కాలం పట్టింపు ఎక్కువ

ఏ పంటకైనా విత్తనం ముఖ్యమే. ఎర్రగడ్డకు ఇంకా ఎక్కువ. ఎందుకంటే ఈ పంటకు పగటి పొద్దు ఎంతసేపు ఉంటుంది, చలి ఎంత ఉంటుంది అన్నదానితో పని. ఆ రెండూ కుదిరితేనే గడ్డ ఊరుతుంది. మన దక్షిణాది ఎర్రగడ్డలు తక్కువ పగటి పొద్దుకే గడ్డ కట్టేవి. చలిదేశాల రకాలు తెచ్చి ఇక్కడ వేస్తే ఆకు పెరుగుతుందే గాని గడ్డ రాదు. మన రకాల్లోనూ వానాకాలానికి సరిపోయేవి వేరు, యాసంగికి సరిపోయేవి వేరు. యాసంగి రకాన్ని వానాకాలంలో పెడితే మెడ లావెక్కి గడ్డ ఊరదు. వానాకాలం రకాన్ని చలికాలంలో పెడితే పూకాడలు, జంట గడ్డలు ఎక్కువ వస్తాయి. మేం చూసిన చేలో జరిగింది ఇలాంటిదేనని మా అనుమానం. డబ్బా మీద ఏ కాలానికో రాసి లేకపోతే, రాసినా చదివి చెప్పేవాళ్ళు లేకపోతే, రైతుకు తెలిసేది గడ్డ పెరికిన రోజే.

రెండో సంగతి. ఎర్రగడ్డ విత్తనానికి ఆయుష్షు తక్కువ. జొన్న, కంది మాదిరి రెండు మూడేళ్ళు పెట్టెలో పెట్టి వేసుకునేది కాదు. మామూలు ఇంటి వేడిలో, తేమలో ఒక ఏడాది దాటితే మొలక బాగా పడిపోతుంది. పాత సరుకును కొత్త సంచిలో పోసి అమ్మినా కంటికి తెలియదు, నల్లగా ఒకే తీరుగా ఉంటుంది. ధ్రువీకరించిన ఎర్రగడ్డ విత్తనానికి కనీస మొలక నూటికి 70 ఉండాలన్నది ప్రమాణం. ఆ 70 ఉందో లేదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. తడిపిన గుడ్డలో నూరు గింజలు వరుసగా పేర్చి, చుట్టి, తడి ఆరకుండా చూస్తే పది పన్నెండు రోజుల్లో ఎన్ని మొలిచినాయో లెక్క తేలుతుంది. నారు పోసే ముందు ఈ పదిరోజులు ఓపిక పట్టినవాళ్ళు మనలో ఎంతమంది?

మూడోది. ఎకరానికి నాటు పద్ధతిలో మూడు నాలుగు కిలోల విత్తనం కావాలి. నేరుగా వెదజల్లేవాళ్ళకు ఇంకా ఎక్కువ పడుతుంది. విత్తనం ఖర్చుతోనే అయిపోదు. నాటు కూలి, కలుపు కూలి, పెరుకుడు, కోత, సంచులు, లారీ బాడుగ, అన్నీ ఆ విత్తనం వెంట పోయేవే. విత్తనం తప్పితే అన్ని ఖర్చులూ తప్పినట్టే.

మంచి రకాలు లేక కాదు

మన ప్రజల సొమ్ముతో నడిచే పరిశోధనా సంస్థలు ఎర్రగడ్డలో చాలా రకాలు తీశాయి. నాసిక్ ప్రాంతం నుంచి వచ్చిన ఎన్-53 పాతది, వానాకాలానికి. జాతీయ ఉద్యాన పరిశోధన, అభివృద్ధి సంస్థ ఇచ్చిన అగ్రిఫౌండ్ డార్క్ రెడ్ వానాకాలానికి, అగ్రిఫౌండ్ లైట్ రెడ్ యాసంగికి. పూణే జిల్లా రాజగురునగర్‌లో ఉల్లి, వెల్లుల్లి కోసమే ఒక కేంద్ర పరిశోధన డైరెక్టరేట్ ఉంది. అక్కడి నుంచి భీమా పేరుతో వరుసగా రకాలు వచ్చాయి. భీమా సూపర్, భీమా రాజ్, భీమా డార్క్ రెడ్ వానాకాలానికి పనికొచ్చేవి. భీమా కిరణ్, భీమా శక్తి యాసంగివి. భీమా కిరణ్ గడ్డ అయిదారు నెలలు నిలువ ఉంటుందని పేరు. మనకు దగ్గరలోనే, బెంగళూరు పక్కన హెసరఘట్టలో భారత ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది. అర్కా కల్యాణ్, అర్కా నికేతన్ లాంటివి అక్కడివి. అర్కా కల్యాణ్ ఊదా మచ్చ తెగులును కొంతమేర తట్టుకుంటుంది. ఆకు మచ్చలతో సెప్టెంబరు, అక్టోబరు వానల్లో మనం పడే బాధ తెలిసినవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు.

ఇక మన కడప జిల్లా రైతులు చిన్న గడ్డ కృష్ణాపురం ఎర్రగడ్డను ఎన్నో ఏళ్ళుగా పండించి విదేశాలకు పంపుతున్నారు. 2020లో కేంద్రం ఎగుమతులు ఆపేసినప్పుడు కూడా బెంగళూరు రోజ్‌కు, కృష్ణాపురం ఎర్రగడ్డకు చెరి 10,000 టన్నుల వరకు అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. తమిళనాడులో పెద్ద ఎర్రగడ్డను ఇప్పటికీ బళ్ళారి గడ్డ అంటారు. అంటే మన చుట్టుపక్కల నేలలు ఈ పంటకు కొత్తవి కావు. మన పెద్దలకు విత్తనం కట్టుకోవడం తెలుసు. ఆ తెలివి మన తరంలో అంగడికి అప్పజెప్పాం.

రకాలు ఇన్ని ఉంటే మరి కష్టమేంటి? రెండు ఉన్నాయి. ఒకటి, ఈ విత్తనం మన మండలం దాకా రావడం లేదు. రెండు, వచ్చినా ఏది మన నేలకు సరిపోతుందో ఇక్కడ పెట్టి చూసినవాళ్ళు లేరు. పూణే నేల వేరు, మన ఎర్ర గరుసు నేల వేరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. అందులోనూ మన పడమటి మండలాలకు దక్కేది అంతంత మాత్రమే. వేదవతి మీద భైరవానితిప్ప ప్రాజెక్టు మన మండలంలోనే ఉన్నా ఎక్కువ మంది రైతుల సేద్యం బోరు మీదే. ఆ బోరు కూడా గడ్డ ఊరే సమయానికి గస పెడుతుంది. చివరి రెండు తడులు తప్పినా ఎంతో కొంత చేతికొచ్చే రకం మనకు కావాలి. అలాంటి పరీక్ష పరిశోధనా కేంద్రంలో కాదు, మన చేలోనే జరగాలి.

వేరుశనగ నేర్పిన పాఠం

ఈ మాట కొత్తగా చెప్పడం లేదు. మన జిల్లాలోనే దీనికి రుజువు ఉంది. తమిళనాడు తిండివనం నుంచి 1940లో వచ్చిన టి.ఎం.వి. 2 వేరుశనగను మనం తరాల తరబడి వేశాం. ఎన్నో కొత్త రకాలు విడుదలైనా రైతు ఆ పాత విత్తనాన్ని వదల్లేదు. రైతులకు కొత్తది ఎక్కదు అని కొందరు ఆఫీసర్లు మనల్నే తప్పు పట్టారు. 2000 తర్వాతి సంవత్సరాల్లో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పద్ధతి మార్చారు. కొన్ని రకాలను అనంతపురం జిల్లా రైతుల చేలల్లోనే, రైతుల సేద్యంతోనే, టి.ఎం.వి. 2 పక్కనే వేయించి, మీరే చూసి చెప్పండి అన్నారు. అలా రైతులు ఎంచుకున్నదే ఐ.సి.జి.వి. 91114. మధ్యలోనో, చివర్లోనో వాన మొగం చాటేసినా తట్టుకోగలిగిన, త్వరగా కోతకొచ్చే రకం అది. 2006లో మన రాష్ట్రంలో విడుదలయింది.

రైతులు దాన్ని ఎందుకు మెచ్చారు? దిగుబడి ఒక్కటే కాదు. కాయలు ఒకే తీరుగా ఉన్నాయని, కట్టె పశువులు ఇష్టంగా తింటున్నాయని చెప్పారు. ఆ కట్టె తిన్న పాడి పశువులు పాలు ఎక్కువ ఇస్తున్నాయని తర్వాత అధ్యయనంలోనూ తేలింది. శాస్త్రవేత్త తక్కెడలో కాయ ఒక్కటే తూగుతుంది. రైతు తక్కెడలో కాయ, కట్టె, పశువు, కూలి, బాకీ అన్నీ తూగుతాయి. తేడా అక్కడుంది.

బయట కూడా ఇదే అనుభవం. 1990లలో రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్ గిరిజన గ్రామాల్లో ఇలాగే రైతుల చేత వరి రకాలను ఎంపిక చేయించారు. అక్కడి రైతులు మెచ్చిన కళింగ-3 వాళ్ళ రాష్ట్రాలకు సిఫారసు చేసింది కాదు, ఒడిశాది. ఆఫీసు జాబితాను నమ్ముకుని ఉంటే ఆ విత్తనం వాళ్ళ గడప తొక్కేదే కాదు. ఆఫ్రికాలోని రువాండాలో చిక్కుడు పండించే ఆడవాళ్ళను పరిశోధనా క్షేత్రానికి పిలిచి, ఏ మొక్క పనికొస్తుందో మీరే ఎంచండి అన్నారు. వాళ్ళు ఎంచుకుని ఇంటికి తీసుకుపోయిన రకాలు శాస్త్రవేత్తలు ఎంచిన వాటికంటే వాళ్ళ చేలల్లో మెరుగ్గా నిలిచాయి. వాళ్ళకు చదువు ఎక్కువ ఉండి కాదు. ఆ నేలను, ఆ వంటను, ఆ సంతను ఎరిగినవాళ్ళు కాబట్టి.

రెండు సెంట్లు చాలు

మన సంఘం ఈ సంవత్సరం నుంచి గుమ్మఘట్ట మండలంలో ఎర్రగడ్డకు ఇదే పని మొదలుపెట్టాలని తలపెట్టింది. "మా పొలం మీద ప్రయోగాలా? నష్టమొస్తే ఎవరిస్తారు?" అని కొందరు సభ్యులు అడిగారు. అడగాల్సిన మాటే. ఎకరం కాదు, అరెకరం కాదు, ఒక్కో ఊర్లో ఒక రైతు రెండు సెంట్లు ఇస్తే చాలు. పద్ధతి ఇది.

ఊరికి ఒక 'తల్లి మడి'. అందులో నాలుగు కొత్త రకాలు, అయిదోది ఆ ఊర్లో అందరూ వేసే రకం. మనదాని పక్కన పెట్టకపోతే కొత్తది మెరుగో కాదో తెలియదు. ఒక్కో రకానికి మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు మడి. వరుసల మధ్య 15 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు నాటితే ఒక్కో మడికి నాలుగు వందల మొక్కలు పడతాయి. ప్రతి రకాన్నీ రెండు చోట్ల, వేరే వరుసలో పెట్టాలి. ఒక పక్క నేల సత్తువగా ఉండి ఒక రకానికే మేలు జరగకుండా ఉండేందుకే ఇది. గట్లు, కాలువలతో కలిపి మొత్తం రెండు సెంట్లు. ఒక్కో రకానికి 10 గ్రాముల విత్తనం సరిపోతుంది. అన్నిటికీ ఒకే రోజు నారు, ఒకే రోజు నాటు, ఒకే నీళ్ళు, ఒకే ఎరువు. ఏ మడికీ దొంగతనంగా యూరియా ఎక్కువ వేయకూడదు! గూటాలకు పేర్లు వద్దు, ఒకటి నుంచి అయిదు అంకెలు వేయండి. పేరు వింటే మనసు ఒక పక్కకు మొగ్గుతుంది.

దాని చుట్టూ 'పిల్ల మడులు'. అయిదారు మంది రైతులు తలా ఒక కొత్త రకాన్ని తమ చేలో, తమ రకం పక్కన, తమ తీరులో వేసుకుంటారు. కౌలు రైతుకు, బోరు అరకొరగా ఉన్న రైతుకు, సొంత బోరు లేక పక్క రైతు నీళ్ళు కొనుక్కునే రైతుకు ఇందులో ముందు చోటు ఇవ్వాలి. నీళ్ళు పుష్కలంగా ఉన్న పెద్ద రైతు మడిలో ఏ రకమైనా బాగానే కనిపిస్తుంది. మనకు తెలియాల్సింది కష్టంలో ఏది నిలబడుతుందో.

మూడుసార్లు ఊరంతా చూడాలి. నాటిన నెలన్నరకు ఒకసారి, ఆకు మచ్చ, తామర పురుగు ఏ రకానికి ఎక్కువ పట్టిందో చూడాలి. గడ్డ ఊరేటప్పుడు రెండోసారి. పెరికే రోజు మూడోసారి. ఆ రోజు ఒక్కో రకం కుప్ప ముందు ఒక డబ్బా పెట్టి, మగవాళ్ళకు కందిగింజలు, ఆడవాళ్ళకు అలసంద గింజలు ఇచ్చి, మెచ్చిన రకం డబ్బాలో వేయమనాలి. రెండు లెక్కలూ వేరువేరుగా రాయాలి. ఎందుకంటే పెరికేది, కాడ కోసేది, సైజు ఏరేది మన ఇంటి ఆడవాళ్ళే, ఊర్లో కూలి అక్కచెల్లెళ్ళే. ఏ గడ్డ మెడ సన్నగా ఉండి సులువుగా తెగుతుందో, ఏది పొర ఊడిపోతుందో వాళ్ళ చేతులకు తెలుసు. ఇన్నాళ్ళూ వాళ్ళను ఎవ్వరూ అడగలేదు. మనమూ అడగలేదు.

తూకం కూడా సులువే. ఆ ఆరు చదరపు మీటర్ల మడిలో వచ్చిన కిలోలను 675తో గుణిస్తే ఎకరాకు లెక్క వస్తుంది. మడిలో 12 కిలోలు తూగితే ఎకరాకు సుమారు 80 క్వింటాళ్ళు. గట్లు, కాలువలు పోను అసలు చేలో ఇంతకంటే తక్కువే వస్తుందని గుర్తుంచుకోవాలి. మొత్తం తూకం వేరుగా, జంట గడ్డలు, పూకాడ గడ్డలు తీసేసిన మంచి సరుకు తూకం వేరుగా రాయండి. మార్కెట్‌లో మనకు డబ్బులిచ్చేది రెండో తూకమే. వీలైతే ఒక వ్యాపారిని పిలిచి, పేర్లు చెప్పకుండా కుప్పలకు ధర కట్టించండి. బళ్ళారి కొనేవాడి కన్ను ఒక తీరు, కర్నూలుది ఒక తీరు, బెంగళూరుది ఇంకో తీరు.

చివరిది, అందరూ మరిచిపోయేది, నిలువ. యాసంగి పంటలో ఒక్కో రకానివి 10 కిలోలు జల్లి సంచిలో పోసి గాలాడే కొట్టంలో వేలాడదీయండి. పదిహేను రోజులకొకసారి కుళ్ళినవి, మొలకెత్తినవి తీసి మిగిలింది తూచి రాయండి. మూడు నెలలు ఈ పని చేస్తే ఏది రైతును కాపాడే గడ్డో తేలిపోతుంది. ఇదంతా ఒక్క ఏడాదితో తీర్పు చెప్పకూడదు. మంచి వాన ఏడాది, వాన లేని ఏడాది రెండూ చూసి చెప్పాలి.

విత్తనం కట్టుకోవడం మన హక్కు

రకం తేలినంత మాత్రాన చాలదు, ఆ విత్తనం మళ్ళీ ఏడాది దొరకాలి. ఎర్రగడ్డ విత్తనం కట్టడం ఓపిక పని. ఒక పంటలో గడ్డ, ఆ గడ్డను మళ్ళీ నాటితే పూత, గింజ. మంచి రంగు, ఒకే సైజు, సన్న మెడ ఉన్న ఒంటి గడ్డలను ఏరి చలికాలం మొదట్లో నాటితే ఎండలు ముదిరే వేళకు గింజ చేతికొస్తుంది. పూత మీద తేనెటీగలు తిరగాలి. ఆ సమయంలో పురుగు మందు కొడితే గింజ కట్టదు. తేనెటీగే ఒక రకం పుప్పొడిని ఇంకో రకానికి మోస్తుంది కాబట్టి రెండు రకాల విత్తన మడుల మధ్య కిలోమీటరు దూరం ఉండేలా చూసుకోవాలి. ఒక ఊరు ఒకే రకం కట్టుకుంటే ఈ చిక్కు ఉండదు. ఇది ఒక్క రైతు చేసే పని కాదు, ఊరు కూడి చేసే పని. అందుకే సంఘం కావాలి.

కంపెనీ హైబ్రిడ్లు వేయొద్దని మేం చెప్పడం లేదు. కొన్నిచోట్ల అవి బాగానే పండుతున్నాయి. తల్లి మడిలో వాటిని కూడా పెట్టి చూద్దాం, నిజం తేలుతుంది. ఒక్క సంగతి మాత్రం గుర్తుండాలి. హైబ్రిడ్ గింజను తిరిగి కట్టుకుంటే అదే గుణం రాదు, ఏటా అంగడికి పోవాల్సిందే. మామూలు రకాన్ని మనమే నిలుపుకోవచ్చు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం రైతు తన విత్తనాన్ని దాచుకోవడానికి, వేసుకోవడానికి, మార్చుకోవడానికి, అమ్ముకోవడానికి కూడా హక్కు ఇచ్చింది. బ్రాండు పేరు వేసి అమ్మకూడదు, అంతే. అదే చట్టం ప్రకారం, నమోదైన రకం ఎంత పండుతుందని చెప్పారో అంత పండకపోతే రైతు పరిహారం అడగొచ్చు.

మోసపోయిన రైతుకు వినియోగదారుల ఫోరం కూడా ఉంది. విత్తనం దెబ్బతిన్న మన రాష్ట్ర రైతుల కేసుల్లో 2012 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని. పరీక్షకు పంపడానికి విత్తనం మిగిల్చి పెట్టలేదని రైతును తప్పు పట్టడం న్యాయం కాదని కూడా ఆ తీర్పు గుర్తించింది. తీర్పు మన పక్కన ఉంది. మన చేతిలో బిల్లు లేదు. మేం చూసిన ఆ కౌలు రైతు ఓడింది అక్కడే.

దిగుబడి పెరిగితే చాలదు

ఇంకొక నిజం కూడా చెప్పుకోవాలి. మంచి రకం వేసి దిగుబడి పెంచినంత మాత్రాన మన బాధలు తీరవు. 2023 ఆగస్టులో కేంద్రం ఎర్రగడ్డ ఎగుమతి మీద 40 శాతం సుంకం వేసింది. డిసెంబరులో ఎగుమతే నిషేధించింది. 2024 మే నెలలో నిషేధం ఎత్తేసినా సుంకం పూర్తిగా తీసేసింది 2025 ఏప్రిల్ నుంచే. పట్నంలో ధర పెరిగితే తలుపులు మూసేవాళ్ళు, పల్లెలో ధర పడితే తొంగి చూడరు. 2025లో కర్నూలు మార్కెట్‌లో ధర కూలినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకు కొంటామంది. తర్వాత హెక్టారుకు 50,000 రూపాయల సాయం ప్రకటించింది. రైతులు రోడ్డెక్కితే గాని ఇలాంటివి రావు. ధర కోసం పోరాటం ఆపే ప్రసక్తే లేదు.

కానీ విత్తనం ఎంపికకు, ధరకు సంబంధం లేదనుకోవద్దు. పెరికిన వారంలోనే అమ్మక తప్పని గడ్డ చేతిలో ఉంటే వ్యాపారి చెప్పిందే ధర. మూడు నెలలు నిలిచే గడ్డ, గాలాడే కొట్టం ఉంటే బేరమాడటానికి మనకు కొంచెం సందు దొరుకుతుంది. అందుకే ఎక్కువ పండే రకం ఒక్కటే కాక, నిలిచే రకం, తక్కువ నీళ్ళకు ఓర్చుకునే రకం, ఒంటి గడ్డ రకం మనకు కావాలంటున్నాం.

మనం అడిగేవి, మనం చేసేవి

ప్రభుత్వాన్ని మనం అడిగేవి ఇవి. ప్రభుత్వ సంస్థల ఎర్రగడ్డ రకాల విత్తనాన్ని నారు పోసే కాలానికి నెల ముందే రైతు సేవా కేంద్రాల్లో పెట్టాలి. పరీక్ష మడుల కోసం చిన్న పొట్లాలు ఉచితంగా ఇవ్వాలి. ఉద్యాన విశ్వవిద్యాలయం, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలు మన తల్లి మడులకు రావాలి. మనకు పాఠం చెప్పడానికే కాదు, మన లెక్క వినడానికి కూడా. అంగళ్ళలో అమ్మే ప్రతి డబ్బా మీద ఏ కాలానికి పనికొస్తుందో తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. ఈ-పంటలో పేరు లేని కౌలు రైతుకు కూడా విత్తన నష్టంలో పరిహారం అందాలి. గాలాడే నిలువ కొట్టాలకు చిన్న రైతులకు సాయం చేయాలి.

మనం చేసేవి ఇవి. బిల్లు లేకుండా విత్తనం కొనకూడదు. బిల్లు మీద రకం పేరు, లాటు నంబరు రాయించుకోవాలి. డబ్బా, చీటీ, గుప్పెడు విత్తనం పంట అమ్మేదాకా దాచాలి. కోర్టు అడగకపోయినా మన చేతిలో ఉంటే మంచిదే. నారు పోసే ముందు నూరు గింజల పరీక్ష చేయాలి.

గ్రామ కమిటీలకు ఒక విన్నపం. ఈ నెల సమావేశంలో ఈ ఒక్క విషయం మీద గంటసేపు మాట్లాడండి. రెండు సెంట్లు ఇచ్చే రైతు పేరు ఒకటి, పిల్ల మడులు వేసే అయిదుగురి పేర్లు, లెక్క రాసే చదువుకున్న పిల్లో పిల్లోడో ఒకరి పేరు రాసి మండల కమిటీకి పంపండి. ఆడవాళ్ళు లేకుండా ఆ సమావేశం జరపవద్దు. విత్తనం తెప్పించే బాధ్యత, శాస్త్రవేత్తలను పిలిపించే బాధ్యత సంఘం తీసుకుంటుంది. పెరికిన రోజు లెక్కలు, మంచివైనా చెడ్డవైనా, ఈ పత్రికలోనే అచ్చు వేస్తాం.

వచ్చే ఏడాది నారుమడి కాలానికి "ఏం ఇత్తనం తెస్తివప్పా?" అని ఎవరైనా అడిగితే, "మా ఊర్లో పెట్టి చూస్తిమి, అందరం కలిసి ఎంచుకుంటిమి, అదే వేస్తాండాం" అని జవాబు చెప్పగలగాలి. అందుకు ఈ నెలే మొదలుపెడదాం.